ఉప్పు పర్రల మొక్క ట్రైగ్లోకిన్: కూరా, విషమా?

ఎమ్డెన్_అమ్మాయి
అందరికీ నమస్కారం. మేం ఉత్తర జర్మనీలో ఎమ్డెన్ దగ్గర ఉంటున్నాం. కరకట్ట దాటితే సముద్రం దాకా ఉప్పు పచ్చికే. నిన్న పక్కింటి పెద్దావిడ ‘రోర్‌కోల్’ అని ఒక కూర వండి పంపించారు. వాళ్లు చిన్నప్పటి నుంచీ వసంతంలో తింటారట. ఆకు సన్నటి ఉల్లికాడలా ఉంది, కాస్త ఉప్పగా ఉంది, నలిపితే కొత్తిమీర వాసన వచ్చింది. పచ్చి మొక్క కూడా చూపించారు. ఫొటో తీసి వెతికితే ట్రైగ్లోకిన్ మారిటిమా, జంకాజినేసీ కుటుంబం అని వచ్చింది. దాని కిందే ఇంకో వాక్యం: సయనైడ్ ఉంటుంది, పశువులు చచ్చిపోతాయి! ఇంటిల్లిపాదీ తిన్నాం, మా బాబుకి నాలుగేళ్లు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆవిడ మళ్లీ పంపిస్తానన్నారు. తినొచ్చా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

పాలమూరు_డాక్టరు
అమ్మా, మొదలు ధైర్యంగుండు. సయనైడ్ ఒంట్లకు పోతే నిమిషాల్ల తెలుస్తది, మహా అంటే కొన్ని గంటలు. నిన్న తిని ఇయ్యాల పోస్టు పెట్టినవంటే ఆ గండం దాటినట్టే.

నేను పశువుల డాక్టర్ని. ఆ మొక్కను చూడలే గాని దాని విషం మాకు కొత్త కాదు. మా దిక్కు జొన్న కోసినంక మోడు నుంచి లేచే పిలకలను, నీళ్లు లేక గిడసబారిన లేత జొన్నను మేస్తే ‘నాము’ పట్టింది అంటరు. తాడు తెంపుకున్న ఎడ్లు ఆ చేన్ల పడ్డయని ఫోనొస్తే బండి మీద ఉరుకుతం. కడుపుల ఉండే సూక్ష్మజీవులు ఆ పిలకల నుంచి సయనైడ్‌ను ఇడిపిస్తయి. నెత్తుర్ల ఆక్సిజన్ ఉంటది గాని కణాలు దాన్ని వాడుకోలేవు. అందుకే చిగుళ్లు ఎర్రగ మెరుస్తుంటయి, పశువు మాత్రం గాలాడక నోరు తెరుస్తది, కాళ్లు కొట్టుకుంటది. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కించేంత టైం దొరికితే లేచి నిలబడతది. శానాసార్లు ఆ టైం దొరకదు.

జొన్నల సయనైడ్ పుట్టించే పదార్థం ధూరిన్. మీ మొక్కల ఉండేవి ట్రైగ్లోకినిన్, టాక్సిఫిలిన్. మూడూ టైరోసిన్ అనే ఒక్క అమైనో ఆమ్లం నుంచే తయారైతయి. అమెరికాల పడమటి రాష్ట్రాల గొర్లు, ఆవులు దీన్ని మేసి చస్తుంటే అక్కడి వ్యవసాయ శాఖ 1929ల దీని మీదనే ఒక బులెటిన్ అచ్చేసింది. వండే పద్ధతి సంగతి మన బోటనీ మాస్టారే చెప్పాలె.

బోటనీ_మాస్టారు
డాక్టరు గారు అసలు విషయం చెప్పేశారు. వంట సంగతి నేను చెబుతాను.

ఆకు నలగనంతసేపు అందులో సయనైడ్ విడిగా ఉండదు. చక్కెరతో జతకట్టిన పదార్థం కణంలో ఒకచోట, దాన్ని విడగొట్టే ఎంజైము ఇంకోచోట ఉంటాయి. పశువు నమిలినా, కత్తి పడినా, మంచు కొట్టి కణాలు పగిలినా రెండూ కలుస్తాయి, హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. అది 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. అంచేత సన్నగా తరిగి కాసేపు వదిలేసి, తర్వాత నిండా నీళ్లు పోసి మూత పెట్టకుండా ఉడికించి, ఆ నీళ్లు వార్చేస్తే చాలావరకు వెళ్లిపోతుంది. తరగకుండా నేరుగా సలసల మరిగే నీళ్లలో వేస్తే ఎంజైము ముందే చచ్చిపోతుంది, విడిపోని పదార్థం ఆకులో మిగలొచ్చు. అప్పుడు నీళ్లు పారబోయడం ఒక్కటే దిక్కు.

అమ్మాయ్, మీ పక్కింటావిడ ఏ నెలలో కోస్తారు, ఏ భాగం కోస్తారు, నీళ్లు వారుస్తారా? ఈ మూడూ అడిగి రాయమ్మా. కొన్ని తరాలుగా తింటున్నారంటే పద్ధతి ఉండే ఉంటుంది. ఆ పద్ధతి తెలియకుండా మొక్క ఒక్కటే పట్టుకుంటే ప్రమాదం.

అరకు_గాలి
మాస్టారూ, డాక్టరు గారు టాక్సిఫిలిన్ అన్నారు కదా, వెదురు కొమ్ముల్లో ఉండేది కూడా అదేనా? వానాకాలం మా సంతల్లో తరిగినవి కుప్పలు పోసి అమ్ముతారు. మా ఇళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయకుండా ఎవరూ కూర చెయ్యరు. పచ్చిది నోట్లో పెట్టుకుంటే చేదు.

బోటనీ_మాస్టారు
అదేనండీ. వెదురు కొమ్ముల్లో ఉండేది టాక్సిఫిలినే. వేడికి తొందరగా విరిగిపోతుంది కాబట్టి మీవాళ్ల పద్ధతి సరైనది. ఎమ్డెన్ అమ్మాయి కూడా ఆ లెక్కనే పోవచ్చు.

వాంకూవర్_అక్క
ఇక్కడ బౌండరీ బే అని ఫ్రేజర్ నది డెల్టా పక్కన పెద్ద ఉప్పు పచ్చిక ఉంది, అందులో ఈ మొక్క దండిగా ఉంటుంది. ఇక్కడి తీరంలోని సేలిష్ జాతుల వాళ్లు పూర్వం నుంచీ దీన్ని తినేవారు. అయితే ఆకు మొత్తం కాదు. వసంతం మొదట్లో, పూకాడ రాకముందు, బురదలో దాగిన తెల్లటి మొదలు మాత్రమే. కీరదోసకాయ రుచి అంటారు. పచ్చటి పైభాగం, పూకాడ ముట్టరు. నేను ఒకటి పీకి చూశాను: మొదట్లో ఆకులు ఒకదాన్ని ఒకటి తొడుక్కుని ఉంటాయి, ఆ తొడుగు లోపల రెండంగుళాల తెల్లటి మెత్తటి భాగం. తినేది అంతే. అమ్మాయ్, నీ దగ్గర పచ్చభాగం కూడా వండారా?

ఎమ్డెన్_అమ్మాయి
అక్కా, మాస్టారూ, డాక్టర్ గారూ, అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడే అడిగి వచ్చాను. ఏప్రిల్, మే నెల మొదట్లో మాత్రమే కోస్తారట. పూకాడ కనపడిందంటే ఇక ఆ ఏడాదికి చాలించడమే. లేత ఆకులు మొదలంటా కోసి, చిన్నగా తరిగి, కడిగి, పెద్ద గిన్నెడు నీళ్లలో ఉడికించి పిండేస్తారు. రెండోసారి నీళ్లు మార్చి, ఆ తర్వాతే పంది కొవ్వు, ఉల్లిపాయ వేసి వండుతారు. ‘ఆ నీళ్లు తాగకూడదని మా అమ్మ చెప్పేది, ఎందుకో చెప్పలేదు’ అన్నారు. ఉప్పు తగ్గడానికి అనుకున్నారట ఇన్నాళ్లూ.

ఇంకో సంగతి. ఇక్కడి సముద్ర తీరం 1986 నుంచి నేషనల్ పార్కు, 2009లో వాడెన్ సీ యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఎక్కడపడితే అక్కడ కోయనివ్వరు. ఆవిడ కోసేది బయట, వాళ్లవాళ్ల సొంత పచ్చికలోనట.

పాలమూరు_డాక్టరు
రెండు నీళ్లు మారుస్తున్నరు, లేతది కోస్తున్నరు. పెద్దోళ్లు కొంచెం తింటే పర్వాలేదు. పిల్లగానికి మాత్రం పెట్టకు తల్లీ. చిన్న ఒళ్లు, తేడా వస్తే తట్టుకోలేదు. ఆమెకు అట్లనే చెప్పు, తప్పుగ అనుకోదు.

పర్రభూమి
నాదొక డౌటు మాస్టారూ. మాది నిజాంపట్నం వైపు. మా పర్రల్లో ఇది ఉందా? నేనైతే ఎప్పుడూ చూసిన గుర్తు లేదు. ఇలకూర తెలుసు, కొయ్యలు తెలుసు, వంగరెడ్డి కూర తెలుసు.

బోటనీ_మాస్టారు
లేదు బాబూ. మన తీరంలో ట్రైగ్లోకిన్ లేదు. వేడి సముద్రాల మొగల దగ్గర బురదని మడ చెట్లు ఆక్రమిస్తాయి. వాటి వెనక, పెద్ద పోటుకి మాత్రమే నీళ్లెక్కి మిగతా రోజులు ఎండి ఉప్పు పేరుకునే పర్రలో నువ్వు చెప్పినవే ఉంటాయి. ఇలకూర అంటే సుయేడా, కొయ్యలు అంటే సాలికోర్నియా, వంగరెడ్డి కూర అంటే సెసూవియం. ఇవేవీ జంకాజినేసీ కావు, అన్నీ ద్విదళబీజాలు. ట్రైగ్లోకిన్ ఏకదళబీజం, అలిస్మటేలిస్ క్రమం. సముద్రం అడుగున పూసే సముద్రపు గడ్డులు దీనికి దగ్గర చుట్టాలు.

కుటుంబం చాలా చిన్నది. మూడే ప్రజాతులు: ట్రైగ్లోకిన్, సిక్నోజెటాన్, టెట్రోన్సియం. లిన్నేయస్ 1753లోనే ట్రైగ్లోకిన్ మారిటిమాకీ, పాలుస్ట్రిస్‌కీ పేర్లు పెట్టాడు. టెట్రోన్సియంలో ఒక్కటే జాతి, దక్షిణ అమెరికా చిట్టచివర చలి బురదల్లో పెరుగుతుంది. మిగతా వాటికి పూభాగాలు మూడేసి చొప్పున ఉంటే దీనికి రెండేసి, నాలుగేసి. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు.

పువ్వు చూడాలంటే భూతద్దం కావాలి. కాడ పొడుగునా ఆకుపచ్చ చుక్కలే. కింద ఏ చిన్న ఆకూ లేకుండా ఒక్కో చుక్కా కాడకి అంటుకుని ఉంటుంది. ముందు తెల్లటి కుచ్చులాంటి కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొన, బయటికొస్తుంది. అది వాడాక గానీ పుప్పొడి తిత్తులు విచ్చుకోవు. రాలిన పుప్పొడి కింద దొన్నెలా వంగిన రేకులో నిలిచి, గాలి విసిరినప్పుడు లేచిపోతుంది. పాలుస్ట్రిస్ కాయ పండాక మూడు ముక్కలుగా అడుగు నుంచి విడిపోయి, పైన మాత్రం కాడని పట్టుకుని వేలాడుతుంది. కింది మొనలు సూదుల్లా ఉంటాయి, దారిన పోయే జంతువు బొచ్చుకి గుచ్చుకుంటాయి. మారిటిమా కాయ ఆరు ముక్కలు, గుడ్డు ఆకారం. ఈ రెండింటినీ తేడా పట్టడానికి కాయని మించిన గుర్తు లేదు.

టెక్కలి_ఫౌజీ
మాస్టారూ నమస్కారం. మాది టెక్కలి దగ్గర, నౌపడ ఉప్పు మడులు చూసి పెరిగినోణ్ణి. లడఖ్‌లో పనిచేసినప్పుడు చాంగ్‌తాంగ్ వైపు త్సో కార్ సరస్సు చూశాను. నాలుగున్నర వేల మీటర్ల ఎత్తు, ఒడ్డంతా తెల్లగా ఉప్పే! మా ఊరి మడులు ఇక్కడికెలా వచ్చాయిరా అనిపించింది. అక్కడ చాంగ్‌పా వాళ్లు పూర్వం ఆ ఉప్పు తీసి గొర్రెల మీద మోసుకెళ్లి అమ్ముకునేవారట. పక్కన ఊటనీళ్లు పారేచోట కాలు పెడితే దిగబడే పచ్చిక. అక్కడ మోకాలు కూడా రాని ఇలాంటి గడ్డి చూశాను, నిలువు కాడ, దాని నిండా పచ్చటి గింజలు. మీరు చెప్పింది అదేనా? సముద్రానికి అంత దూరంలో సముద్రపు మొక్క ఉంటాదేటి?

బోటనీ_మాస్టారు
ఉంటుంది నాయనా. మారిటిమా, పాలుస్ట్రిస్ రెండూ లడఖ్‌లో ఉన్నాయి. నువ్వు చూసింది వాటిలో ఒకటి అయ్యే అవకాశం చాలా ఎక్కువ, కాయ ఫొటో ఉంటే చెప్పేస్తాను. దీనికి కావలసింది తడి, చలి. ఉప్పు ఉన్నా ఓర్చుకుంటుంది. ఆ ఉప్పు సముద్రంది అయినా ఒకటే, టిబెట్ పీఠభూమి సరస్సుదయినా ఒకటే. త్సో కార్ 2020లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. పట్టీల తల బాతులు అక్కడ గుడ్లు పెడతాయి. ఆ జాతి బాతులే చలికాలం కర్ణాటకలో మాగడి చెరువు దాకా దిగుతాయి.

పర్రభూమి
ఉప్పు ఎలా ఓర్చుకుంటుంది మాస్టారూ? మా పొలంలో ఉప్పునీళ్లు ఎక్కిన ఏడు వరి మొత్తం మాడిపోయింది. పక్కనే పర్రలో ఇలకూర మాత్రం ఎర్రగా నవనవలాడింది.

బోటనీ_మాస్టారు
మంచి ప్రశ్న. ఉప్పునేలలో వేరు నీళ్లు పీల్చాలంటే కణం లోపల బయటికన్నా చిక్కగా ఉండాలి. ఈ మొక్క సోడియాన్ని, క్లోరైడ్‌ని లోపలికి రానిచ్చి కణం మధ్యలోని రిక్తిక అనే సంచిలో దాచేస్తుంది. కానీ ఎంజైములు పనిచేసే కణద్రవ్యంలోకి ఉప్పు వస్తే అన్నీ పాడవుతాయి. అక్కడ సరితూకం కోసం ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాన్ని నింపుకుంటుంది. 1974లో స్టీవర్ట్, లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఉప్పునేల మొక్కల్లో ప్రోలిన్ గురించి రాసిన పరిశోధనలో ప్రధాన ఉదాహరణ ఈ ట్రైగ్లోకిన్ మారిటిమాయే. ఆకుల ఎండు బరువులో 10 నుంచి 20 శాతం దాకా ప్రోలిన్ ఉండగలదు. ఆలోచించండి, ఎండబెట్టిన ఆకులో ఐదో వంతు ఒక్క అమైనో ఆమ్లమే! ఇంత ప్రోలిన్‌కి ఎంతో నత్రజని కావాలి. అటు సయనైడ్ పదార్థాలకీ నత్రజనే కావాలి. నత్రజని దొరకడం కష్టమైన ఉప్పు బురదలో బతుకుతూ ఈ మొక్క దాన్ని ఇలా రెండు పనులకీ ఖర్చు చేస్తుంది. నాకైతే ఈ కుటుంబం మొత్తంలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే.

ఇలకూరది మరో దారి. అది ఆకుని కండ పట్టించి, నీళ్లు నింపుకుని ఉప్పుని పలచన చేస్తుంది. వరికి అంత శక్తి లేదు.

పాలమూరు_డాక్టరు
మాస్టారు చెప్పిన నత్రజని ముచ్చట రైతులు గుర్తువెట్టుకోవాలె. జొన్నకు యూరియా ఎక్కువేసి, మీదికెల్లి వాన లేకపోతే నాము ఇంక గట్టిగ పడతది. సగం చేను పూతకొచ్చినంకనే కోసి ఎయ్యాలె. ఎండకు వాడిన పైరైతే ఒక తడి ఇచ్చి, మళ్ల మంచిగ తేరుకున్నంకనే. ట్రైగ్లోకిన్ కూడ అట్లనే, నీళ్లు తక్కువై వాడినప్పుడే విషం ఎక్కువ.

మెల్బోర్న్_తోట
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మాస్టారు సిక్నోజెటాన్ పేరు చెప్పి వదిలేశారు, అది మా పెరటి కుంటలో ఉంది! ఇక్కడ ‘వాటర్ రిబ్బన్స్’ అంటారు, నర్సరీల్లో కుండీల్లో అమ్ముతారు. ఇదివరకు దీన్నీ ట్రైగ్లోకిన్‌లోనే కలిపేవారట. ఇది మంచినీళ్ల మొక్క. లోతు తక్కువైతే ఆకులు నిటారుగా నిలబడతాయి, నీళ్లు పారేచోట పొడుగ్గా సాగి పైన తేలుతూ ప్రవాహం వాలుకి పడుకుంటాయి. బురదలో వేళ్ల చివర వేలెడంత దుంపలు కడతాయి. ఇక్కడి ఆదివాసీ స్త్రీలు వాటిని తవ్వి నిప్పుల్లో కాల్చి పిల్లలకి పెట్టేవారు. నేను తినలేదు, తినాలని పెంచలేదు కూడా. కప్పలు ఆ ఆకుల మధ్య గుడ్లు పెడుతున్నాయి, నాకది చాలు.

వాంకూవర్_అక్క
బాతుల మాట వచ్చింది కాబట్టి ఒకటి. మా బౌండరీ బేలో ఆగే నల్లటి బ్రాంట్ బాతులు అలాస్కాలో యూకాన్-కుస్కోక్విమ్ డెల్టాలో పిల్లలు పెడతాయి. అక్కడ బాతు పిల్లలకి ట్రైగ్లోకిన్ పాలుస్ట్రిస్ ఇష్టమైన మేత. బాతులు మేసే తీరుని బట్టే ఆ మొక్క ఎక్కడ మిగులుతుందో తేలుతుందని 1990లలో అక్కడ పరిశోధనలు చేశారు. ఆవుకి ప్రాణం తీసేది బాతు పిల్లకి బలం. నెమరువేసే జంతువు కడుపులో జరిగే పని వీటి కడుపులో అలా జరగదు కదా డాక్టర్ గారూ?

పాలమూరు_డాక్టరు
అవునక్కా. నెమరేసే జీవి మొదటి కడుపుల ఆమ్లం తక్కువ, సూక్ష్మజీవులు ఎక్కువ. అందుకే ఆవు, గొర్రెకు దెబ్బ తొందరగ తగులుతది.

పర్రభూమి
మాస్టారూ, ఇంకొక్క మాట చెప్పాలి. మీరంతా ఆ దేశాల్లో ఉప్పు పచ్చికని నేషనల్ పార్కు చేశారు, యునెస్కోలో పెట్టారు అంటుంటే మనసు కలుక్కుమంటోంది. మా దగ్గర పర్ర అంటే రెవెన్యూ కాగితాల్లో చౌడు, బంజరు. ఎవరైనా పొక్లెయిన్ తెచ్చి గట్లు పోసి రొయ్యల చెరువు చేసుకుంటే ‘పనికిరాని నేల బాగుపడింది’ అంటారు. నా చిన్నప్పుడు తొలకరి పడగానే పర్రంతా ఇలకూర మొలిచేది. వానకి పైన ఉప్పు కడుక్కుపోయిన ఆ కొద్ది రోజుల్లోనే విత్తనం మొలుస్తుంది. మా అమ్మ బుట్టెడు కోసుకొచ్చి ఉడకబెట్టి నీళ్లు వార్చి పెసరపప్పులో వేసేది, ఉప్పు వేసేది కాదు. ఇప్పుడు ఆ చోటంతా ఏరేటర్ల మోత. చెరువు నీళ్లు వదిలేస్తే పక్క పొలం కూడా చౌడెక్కుతోంది. మడ అడవి కోసం మాట్లాడేవాళ్లు ఉన్నారు, పర్ర కోసం ఎవరూ లేరు.

బోటనీ_మాస్టారు
కాగితం మీద రక్షణ ఉంది బాబూ. తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్, 2011దీ 2019దీ రెండూ, ఉప్పు పచ్చికలని మడ అడవులతో పాటు మొదటి వర్గంలో, అంటే అత్యంత సున్నిత ప్రాంతాల జాబితాలో చేర్చాయి. నీ పర్ర ఆ పటంలో ఉప్పు పచ్చికగా గుర్తించారో లేదో కలెక్టరేట్‌లో అడుగు, జిల్లా పటాలు చూపించాలి. గుర్తించకపోతే అర్జీ పెట్టు. ఏ మొక్కలు ఎక్కడున్నాయో ఫొటోలతో జాబితా నేను తయారు చేయించి ఇస్తాను, మా పాత విద్యార్థులు అటువైపు ఉన్నారు.

పనికిరాని నేల అన్నవాళ్లకి ఇది చెప్పు. 2004లో అమెరికా ఈశాన్య తీరంలో ఈ ట్రైగ్లోకిన్ మీదే ఒక పరిశోధన వచ్చింది. మొక్క మధ్యలో ముదిరి చచ్చిపోతూ చుట్టూ పెరగడంతో పచ్చికలో వలయాలు కడుతుంది. వేళ్లు, బురద కలిసి ఆ వలయం చుట్టుపక్కల నేలకన్నా కాస్త ఎత్తవుతుంది. ఎత్తయ్యేసరికి నీళ్లు తక్కువసేపు నిలుస్తాయి, వేళ్లకి గాలాడుతుంది, ఉప్పు తగ్గుతుంది. పక్కన ఉత్త బురదలో నిలవలేని వేరే మొక్కలు ఆ గట్టు మీద పాతుకుంటాయి. ఒక్క మొక్క నేలనే మార్చేస్తోంది. మన పర్రల్లో ఇలకూర కుదుళ్లు గాలికి వచ్చే ఇసుకని పట్టి గుట్టలు కట్టడం నేను బాపట్ల వైపు చూశాను. అక్కడే ఎవరైనా కూర్చుని కొలిస్తే బాగుండు.

పర్రభూమి
అర్జీ పెడతాను మాస్టారూ. మీ నంబరు విడిగా మెసేజ్ చెయ్యండి. ఇక్కడ ఇంకో నలుగురం ఉన్నాం.

టెక్కలి_ఫౌజీ
తమ్ముడూ, నౌపడ వైపు కూడా ఇదే గొడవ. జాబితా చేస్తే మా వైపుది కూడా కలపండి, నేను తిరిగి ఫొటోలు తీస్తాను. మాస్టారూ, త్సో కార్ ఫొటో పాత ఫోన్లో దొరికింది, పెడుతున్నాను. కాయలు సన్నగా పొడుగ్గా ఉన్నాయి, కింద విడిపోయి ఉన్నాయి.

బోటనీ_మాస్టారు
సన్నగా పొడుగ్గా, అడుగు నుంచి విడిపోయి… పాలుస్ట్రిస్! చాలా మంచి ఫొటో.

బాపట్ల_మేకలు
నేను కొత్తగా చేరాను, చర్చ మొత్తం చదివాను. డాక్టర్ గారూ, మా మేకలు పర్రలో ఇలకూర మేస్తాయి. దాంట్లో కూడా ఈ సయనైడ్ ఉందా? ఎండాకాలం వేరే మేత దొరకదు.

పాలమూరు_డాక్టరు
ఇలకూరతోని సయనైడ్ భయం లేదన్నా. దాంతోని ఉండేది ఉప్పు, ఆక్సలేట్లు. ఒట్టి అదే మేపితే పారుకుంటయి, బరువు పెరగవు. ఇంటికాడ ఎండుగడ్డో, చెట్టు కొమ్మలో ఏసి, ఆకలి సగం తీరినంక పర్రకు తోలు. తాగనీకి మంచినీళ్లు ఎప్పుడూ ఎదురుగ ఉండాలె, ఉప్పు మేత మేసినదానికి మామూలు కంటే ఎక్కువ తాగాలనిపిస్తది. చెరువుల కాడ ఉప్పునీళ్లు తాగనియ్యకు. చూడి మేకలుంటే వాటిని మాత్రం పర్రకు పంపకు.